మంచు పడేలోపు చెయిర్‌లిఫ్ట్ నిలబెట్టాలంటే

చెయిర్‌లిఫ్ట్ అంటే స్కీ చేసేవాళ్లని కేబుల్‌కి వేలాడే కుర్చీల్లో కొండెక్కించేది. అది కట్టే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు టవర్లని మోసుకొచ్చే హెలికాప్టర్ గురించి అడుగుతారు. నేను వాళ్ల చేతిలో ముందు క్యాలెండర్ పెడతాను. అమెరికా రాకీ పర్వతాల్లో, మూడు వేల మీటర్ల ఎత్తు వాలుల మీద పదకొండు వేసవులుగా ఈ పనిలో ఉన్నాను. మొదట సర్వేయర్ వెనక స్టాండు మోశాను, తర్వాత లైన్ సర్వే చూశాను, ఇప్పుడు సైటు మొత్తం నా నెత్తిన ఉంది. ఇన్నేళ్లలో గాలిలో వేలాడే టవర్ వల్ల మా పని ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఆలస్యమైనప్పుడల్లా వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే కారణం జూన్ నెల మట్టిలో దొరికింది.

అందుకే లెక్క చివరి నుంచి మొదలుపెట్టండి. లోడ్ టెస్ట్, అంటే బరువు మోయించి చూసే పరీక్ష, నవంబరు మధ్యలో అనుకుందాం. కరెంటు పని, కంట్రోళ్లు, కుర్చీలు ఇవన్నీ కుదురుకోవడానికి నాలుగు వారాలు తీసేయండి. అంటే కేబుల్ రెండు కొసల్నీ కలిపే అతుకు అక్టోబరు రెండో వారానికి పూర్తయి ఉండాలి. టవర్లు సెప్టెంబరు మొదట్లో నిలబడితేనే కేబుల్ లాగడానికి వీలు. కాంక్రీటు బలానికి 28 రోజుల లెక్క ఉంది కాబట్టి ఆఖరి పునాది జులై నెలాఖరుకి పోసేయాలి. పై టవర్ల దగ్గరేమో జూన్ రెండో వారం దాకా మంచు కదలదు. ఇక మిగిలేది ఆరేడు వారాలు. పాతిక గుంతలు, రెండు స్టేషన్ల పునాదులు, మధ్యలో మధ్యాహ్నం పూట పిడుగులు. హెలికాప్టర్ మీ కోసం కాచుకుని కూర్చోదు. ఆ వేసవిలో లిఫ్ట్ కడుతున్న ప్రతి కొండా దాన్నే పిలుస్తుంది. మీకిచ్చిన తేదీ పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికెరుక.

అనుమతుల సంగతి ఇక్కడ పెద్దగా చెప్పను. ఇక్కడి స్కీ కొండలు చాలామటుకు ఫెడరల్ అటవీ భూమిలో ఉన్నాయి. ఫారెస్ట్ సర్వీస్ పర్యావరణ పరిశీలన ముగిస్తే తప్ప చెట్టు మీద రంపం పెట్టకూడదు. అదంతా మీరు గమ్‌బూట్లు వేసుకోవడానికి ఏళ్ల ముందే నడుస్తుంది. పాత లిఫ్ట్ ఉంటే మాత్రం దాన్ని తీసే పని స్కీ సీజన్ ముగిసిన మర్నాడే మొదలుపెట్టండి. కుర్చీలు దించి, కేబుల్ వదులు చేసి కోసి, టవర్లు పడగొట్టడానికి మంచు మీదే అనువు. ఇనుము నేల మీద ఈడ్చినా గడ్డి చెడదు.

లైన్: మేకులు కొట్టే పని

కిందా పైనా లిఫ్ట్ రెండు చివరల ఉండే స్టేషన్ల మధ్య గీత తిన్నగా ఉండాలి. కేబుల్ ప్రతి టవర్ మీదా కప్పీల వరుసలో పరిగెడుతుంది. ఒక టవర్ గీత నుంచి పక్కకి జరిగితే కేబుల్ కప్పీ అంచుని రాసుకుంటూ పోతుంది. ముందు కప్పీ లోపలి రబ్బరు అరుగుతుంది, కొన్నాళ్లకి కేబుల్ కప్పీ దిగడానికి దారి వెతుక్కుంటుంది. ఎత్తు లెక్క కూడా అంతే ముఖ్యం. ఒక టవర్ తల ఉండాల్సిన దానికన్నా కిందికి వచ్చిందంటే కేబుల్ దాని మీద సరిగా ఆనదు. బరువు ఆనని టవర్ పని చేయని టవరే కాదు, అపాయం కూడా.

నా రెండో వేసవిలో టవర్ల మధ్యబిందువుల దగ్గర ఎర్ర రిబ్బన్ కట్టిన మేకులు చక్కగా కొట్టి, మురిసిపోతూ కిందికి దిగాను. మర్నాడు ఎక్స్‌కవేటర్ నడిపే ఆయన తన పని తాను చేశాడు, సరిగ్గా మధ్యబిందువు దగ్గర తవ్వాడు. నా మేకు మొదటి బకెట్ మట్టితోనే వెళ్లిపోయింది. మూడు గుంతలకి మళ్లీ కొలతలు తీయడానికి ఒక రోజంతా పట్టింది. ఆయన్ని ఏమనగలం? తవ్వమన్నచోటే తవ్వాడు. అప్పటి నుంచి ప్రతి మధ్యబిందువుకీ నాలుగు పక్క మేకులు కొడుతున్నాను: గీత వెంట పైన ఒకటి, కింద ఒకటి, అడ్డంగా కుడి ఎడమల ఒక్కొక్కటి, గుంత అంచుకి మూడు నాలుగు మీటర్లు అవతల. గుంత తవ్వాక ఆ నాలుగింటి మధ్య నూలు కడితే మధ్యబిందువు గాలిలో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఇవికాక కదలని బండరాళ్ల మీద కంట్రోల్ పాయింట్లు, అంటే కొలతలకి ఆధారమయ్యే గుర్తులు, పెట్టుకోండి, ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి ఉంచండి. చెట్ల నీడలో జీపీఎస్‌ని నమ్మొద్దు. కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం టోటల్ స్టేషన్‌తో కింది నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి చూడండి. రెండూ కలవకపోతే కలిసేదాకా ఒక్క గుంత కూడా తవ్వనీయకండి. పైవాళ్లు చిరాకు పడతారు, పడనీయండి.

గుంతలు, ఊచలు, కాంక్రీటు

నిటారు వాలుల మీద మామూలు ఎక్స్‌కవేటర్ నిలబడదు. నాలుగు కాళ్లూ విడివిడిగా చాపుకునే రకం ఒకటుంది, అందరూ సాలీడు అని పిలుస్తారు. అది కొండని కాళ్లతో పట్టుకుని తవ్వుతుంది. తవ్వేటప్పుడు పై అడుగు మట్టిని, దాని మీది గడ్డితో సహా, విడిగా పోగుపెట్టించండి. ఆ మట్టిలోనే విత్తనాలుంటాయి. చివర్లో అదే పైన పరిస్తే వచ్చే వేసవికి పచ్చబడుతుంది. కింది రాతిమట్టి పైకి వచ్చిందంటే పదేళ్లయినా బోడిగానే ఉంటుంది. పోగుల కింది అంచున గడ్డి చుట్టలు అడ్డం పెట్టకపోతే మొదటి వానకే మట్టి వాగులో చేరుతుంది. బండ తగిలితే బెంబేలు పడొద్దు. డ్రిల్లుతో రంధ్రాలు చేసి, ఇనుప కడ్డీలు దించి, గ్రౌటు పోసి పునాదిని బండకే కట్టేయొచ్చు. కానీ ఆ మార్పు డిజైన్ చేసిన ఇంజనీర్ సంతకంతో రావాలి, సైటులో మన తెలివితో కాదు.

ఊచల పంజరం కట్టాక యాంకర్ బోల్టులు వస్తాయి. టవర్ అడుగున ఉన్న గుండ్రటి పళ్లెం ఈ బోల్టుల్లోకే దిగుతుంది. బోల్టులన్నిటినీ ఒక ఇనుప అచ్చులో బిగించి పంజరంలో నిలబెడతారు. కొత్తవాళ్లు తప్పకుండా తప్పు చేసే చోటు ఇదే. చాలా టవర్లు నిట్టనిలువుగా ఉండవు. కేబుల్ కింది నుంచి ఒక వాలులో వచ్చి మరో వాలులో పైకి పోతుంది. ఆ రెంటి నడిమి వాలుకి లంబంగా టవర్ నిలిస్తేనే బరువు తిన్నగా గొట్టం వెంట పునాదిలోకి దిగుతుంది. అందుకే టవర్లు కొండ దిగువకి కాస్త ఒరిగినట్టు కనిపిస్తాయి. ఆ ఒరుగు పుట్టేది ఈ అచ్చులోనే. ఒక వేసవి మా దగ్గరికొచ్చిన కుర్రాడు, మంచి పనివాడే, అచ్చు మీద రసమట్టం పెట్టి బుడగ మధ్యకి వచ్చేదాకా ఓపిగ్గా సర్ది, ఫోటో కూడా తీసి పంపాడు. డ్రాయింగ్‌లో అక్కడ నాలుగు డిగ్రీల ఒరుగు ఉంది. కాంక్రీటు లారీ అప్పటికే రోడ్డెక్కింది. ఫోటో పంపబట్టి సరిపోయింది! ఇప్పుడు ప్రతి పునాది దగ్గరా టవర్ నంబరు, ఒరుగు, అది ఏ వైపుకో ఒక చెక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పాతిస్తున్నాను. ఇంకో చిన్న మాట: కాంక్రీటు పోసేముందు బోల్టుల మరలకి టేపు చుట్టండి. సిమెంటు చిందిన మరని వైర్ బ్రష్‌తో గీకుతూ కూర్చుంటే, నెత్తిన హెలికాప్టర్ ఎగిరే రోజున నట్టు దిగక ఏడవాల్సొస్తుంది.

రోడ్డు చేరే చోట లారీ నుంచి పంపు పెట్టి పోయొచ్చు. చేరని చోటికి కాంక్రీటు కూడా బకెట్‌లో ఎగిరే వస్తుంది. ఒక ఘనపు మీటరు కాంక్రీటు 2,400 కిలోలుంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ, ఎండ ముదిరేకొద్దీ గాలి పలచబడి హెలికాప్టర్ మోయగలిగేది తగ్గుతుంది. కాబట్టి ఒక్కో బకెట్‌లో ఎంత పట్టాలో పైలట్‌నే చెప్పనివ్వండి. మీరు చూసుకోవాల్సింది ఒకటే, ఒక పునాది మొదలుపెడితే ముగించేదాకా బకెట్లు ఆగకూడదు. కింద పోసింది గట్టిపడ్డాక పైన పోస్తే అవి రెండూ ఒక్క రాయి కావు. అందుకే గట్టిపడటాన్ని ఆలస్యం చేసే మందు కలిపిస్తాం, కాంక్రీటుని కుదిపి సర్దే వైబ్రేటర్ రెండోది కూడా కొండ మీదే ఉంచుతాం. మొదటిది సరిగ్గా సగం పునాదిలో ఉండగా ఆగిపోతుంది. గడ్డకట్టి కరిగే చలిని తట్టుకోవడానికి కాంక్రీటులో సన్నని గాలి బుడగలుండాలి, కాబట్టి వచ్చిన ప్రతి లారీ దగ్గరా గాలి శాతం కొలవండి. నమూనా సిలిండర్లు 7వ రోజున, 28వ రోజున పగలగొట్టి బలం చూస్తారు. రాత్రిపూట నీళ్లు గడ్డకట్టే చలి ఉంటే పునాదుల మీద దుప్పట్లు కప్పి పడుకోండి, మీ మీద కప్పుకోకపోయినా ఫరవాలేదు.

రెండు చివరల స్టేషన్లకి రోడ్డు ఉంటుంది, క్రేను వస్తుంది. పని పెద్దదే గానీ కష్టమేమీ కాదు. డ్రైవ్ ఉన్న స్టేషన్ దగ్గర మోటారు, గేర్‌బాక్స్, పెద్ద చక్రం ఉంటాయి. రెంటిలో ఒక చివర హైడ్రాలిక్ సిలిండర్ కేబుల్‌ని ఎప్పుడూ ఒకే బిగువులో లాగి ఉంచుతుంది. ఆ లాగుడంతా పునాది మీద పక్కనుంచి పడుతుంది గనక అక్కడి కాంక్రీటు టవర్ల కన్నా ఎన్నో రెట్లు.

టవర్లు ఎగిరే రోజు

ఈ రోజు కోసం వారం ముందు నుంచే పార్కింగ్ మైదానంలో పని సాగుతుంది. గొట్టాలు, అడ్డకమ్ములు, కప్పీల వరుసలు, పని చేసేవాళ్లు నిలబడే మెట్లు అన్నీ నేల మీదే బిగించి, ప్రతి ముక్కనీ తూచి, బరువు దాని మీదే పెయింటుతో రాయండి. డ్రాయింగ్‌లోని బరువు రాయొద్దు, తూచిన బరువే రాయండి. మనం తగిలించిన నిచ్చెనలు, బోల్టులు డ్రాయింగ్‌కి తెలియవు. పొడవాటి టవర్‌ని రెండు ముక్కలుగా పంపాల్సొస్తే పైలట్‌తో ముందురోజే మాట్లాడండి.

తెల్లారగానే మొదలుపెడతారు, ఎందుకంటే చల్లని గాలి బరువు మోస్తుంది, ఇంకా ఈదురు లేవదు. టవర్‌కి నలుగురు చొప్పున రెండు జట్లు ఉంటే ఒకరు నట్లు బిగిస్తుండగా రెండోవారు తర్వాతి పునాది దగ్గర సిద్ధంగా ఉంటారు. హెల్మెట్‌కి గడ్డం పట్టీ, కళ్లద్దాలు, చెవులకి మూతలు తప్పనిసరి. పునాది చుట్టూ ఖాళీ సంచి, ప్లాస్టిక్ పట్టా, అట్టముక్క ఏదీ మిగలకూడదు. రోటర్ గాలికి అది లేచి రెక్కల్లోకి పోతే ఏమవుతుందో ఊహించుకోవడానికి కూడా ఇష్టపడను. రేడియోలో ఒక్కరే మాట్లాడాలి. మిగతావాళ్లు కేకలు వేయడం కూడా మానేయాలి, ఎలాగూ వినపడదు.

బరువు కిందికి వస్తుంటే చెయ్యి చాపి అందుకోబోకండి. గాలిలో రెక్కల తిరుగుడుకి హెలికాప్టర్‌లో స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. ముందు ఇనుము నేలనో బోల్టునో తాకనివ్వండి, తర్వాతే మీరు. నేను ఒకసారి తొందరపడ్డాను. మోచేతి దాకా ఎవరో కర్రతో కొట్టినట్టయింది. నిలబడేది ఎప్పుడూ బరువుకి ఎగువన, పక్కకి తప్పుకునే దారి ముందే చూసుకుని. దిగువన నిలబడితే అది ఊగినప్పుడు మీకు పోవడానికి చోటు ఉండదు. పళ్లెం బోల్టుల మీదికి వచ్చాక రెండు పొడవాటి కడ్డీలు రంధ్రాల్లో దూర్చి తిప్పుతూ దారి చూపిస్తే టవర్ గబుక్కున కూర్చుంటుంది. ముందుగా అనుకున్నన్ని నట్లు పడ్డాయని జట్టు నాయకుడు చెప్పాకే కొక్కెం వదలాలి. హెలికాప్టర్ వెళ్లిపోయాక వచ్చే నిశ్శబ్దంలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు, అంతలోనే మళ్లీ చప్పుడు దగ్గరవుతుంది. అన్నీ కుదిరితే లైన్ మొత్తం ఒక్క ఉదయంలో నిలబడుతుంది. నెలల తరబడి బురదలో చేసిందంతా ఎవరి కెమెరాలోనూ పడదు, ఈ నాలుగు గంటలే పడతాయి.

మర్నాడు ఎవరూ చూడని పని ఉంటుంది: ప్రతి నట్టునీ టార్క్ రెంచ్‌తో బిగించడం, అడ్డకమ్ము గీతకి లంబంగా ఉందో లేదో చూడటం, కప్పీల వరుసలన్నీ ఒకే గీతలోకి తేవడం. దీనికి రెండు వారాలు పెట్టుకోండి.

కేబుల్, అతుకు

40 మిల్లీమీటర్ల ఉక్కు కేబుల్ మీటరుకి ఆరు కిలోల చిల్లర తూగుతుంది. ఒకటిన్నర కిలోమీటర్ల లిఫ్ట్‌కి వెళ్లేదీ వచ్చేదీ కలిపి మూడు కిలోమీటర్ల పైచిలుకు, అంటే 18 టన్నులు దాటుతుంది. దాన్ని ఒక్కసారిగా ఎవరూ లాగలేరు. ముందు సన్నటి నైలాన్ తాడు కప్పీల మీదుగా చుట్టూ తిప్పుతారు. దానికి కాస్త లావు తాడు, దానికి సన్నని ఉక్కు కేబుల్, చివరికి దాని కొసన అసలు కేబుల్, వించ్‌తో నడక వేగాన. ప్రతి మలుపు దగ్గరా, ప్రతి టవర్ దగ్గరా రేడియోతో మనిషి ఉండాలి. కేబుల్ నేల మీద రాసుకోకూడదు, మెలిక పడకూడదు. ఒక్క మెలిక పడితే ఆ మేర కేబుల్ పనికిరాదు.

ఆ తర్వాత రెండు కొసలని కలిపి అంతులేని చుట్టగా చేసే పని. పదకొండేళ్లయినా నేను దూరంగా నిలబడి కళ్లప్పగించి చూసేది దీన్నే. దీనికి ప్రత్యేకంగా పనివాళ్లుంటారు, వాళ్ల మాటే మాట. అతుకు పొడవు కేబుల్ లావుకి కనీసం 1,200 రెట్లు ఉండాలి. 40 మిల్లీమీటర్లకి అది 48 మీటర్లు. ఆరు పేటల కేబుల్ రెండు కొసల్నీ విప్పి ఎదురెదురుగా దూర్చి, ఇటు పేటని వెనక్కి విప్పుకుంటూ ఆ ఖాళీలో అటు పేటని పురి చెడకుండా కూర్చుకుంటూ పోతారు. పేటలు కలుసుకునే చోట్లు ఆరు, సమాన దూరాల్లో. మిగిలిన తోకలని కేబుల్ నడిమి గర్భం బయటికి లాగేసి ఆ చోటులోకి దూరుస్తారు. ముడి లేదు, వెల్డింగ్ లేదు, జిగురు లేదు. పేటల మధ్య ఒరిపిడే పట్టుకుంటుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఆ రోజుకి మీరు చేయాల్సింది చదునైన పొడవాటి స్థలం, వాన వస్తే కప్పడానికి టెంట్లు, చేయి సాయానికి పదిమంది. సలహాలు మాత్రం ఇవ్వొద్దు. అయిపోయాక ఆరు చోట్లా లావు కొలిచి రాసుకోండి, ఏడాది తర్వాత కొలిచినప్పుడు పోల్చడానికి అవే అంకెలు కావాలి.

కుర్చీలు, వైర్లు

ఇక్కడ జనం వేగం గురించి అడుగుతారు. కేబుల్‌కి కుర్చీ శాశ్వతంగా బిగించి ఉండే పాత రకంలో వేగం సెకనుకి రెండున్నర మీటర్లకి అటూఇటూ. స్టేషన్‌లో కుర్చీ కేబుల్‌ని వదిలి నెమ్మదించే రకంలో ఐదు. ఈ రెండో రకం నలుగురి కుర్చీలతో 1981లో కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో మొదలైంది. కానీ గంటకి ఎంతమంది అనేది వేగం చెప్పదు, కుర్చీకీ కుర్చీకీ మధ్య కాలం చెబుతుంది. ఆరు సెకన్లకి ఒక నలుగురి కుర్చీ వస్తే రెంటిలోనూ గంటకి 2,400 మందే. బిగింపు రకంలో ఈ దూరాన్ని మీరే కేబుల్ మీద కొలిచి గుర్తు పెట్టాలి, కాబట్టి టేపు లాగే మనిషి నిద్రమొహంతో ఉండకూడదు.

టవర్ల మీద కప్పీల పక్కన పుటుక్కున విరిగే సన్నని కడ్డీలుంటాయి. కేబుల్ కప్పీ దిగితే దాన్ని కొడుతుంది, కడ్డీ విరుగుతుంది, సర్క్యూట్ తెగి లిఫ్ట్ ఆగుతుంది. ప్రతి టవర్ ఎక్కి ప్రతి కడ్డీనీ విప్పి చూడండి, కింద నిజంగా ఆగిందో లేదో రేడియోలో చెప్పించుకోండి. ఒకటి తప్పించి ఒకటి చూస్తే సరిపోదా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. సరిపోదు.

నీళ్ల పీపాల రోజు

లిఫ్ట్‌లకి అమెరికాలో ఉన్న ఏఎన్‌ఎస్‌ఐ బి77.1 ప్రమాణం ప్రకారం కొత్త లిఫ్ట్‌ని అది మోయాల్సిన బరువుకి 110 శాతంతో పరీక్షించాలి. మనుషుల బదులు కుర్చీల మీద నీళ్ల పీపాలు. లీటరుకి కిలో, లెక్క సులువు. ఎక్కే వైపు అంతా నింపి, దిగే వైపు ఖాళీగా ఉంచుతాం, ఎందుకంటే కొండ వెనక్కి లాగేది అప్పుడే ఎక్కువ. అలా నడుస్తుండగా ఆపుతాం: ఒకసారి మామూలు బ్రేకుతో, ఒకసారి పెద్ద చక్రాన్ని పట్టుకునే అత్యవసర బ్రేకుతో. వెనక్కి జారకుండా పట్టే ఏర్పాటుని విడిగా చూస్తాం. ప్రతిదానికీ ఎన్ని మీటర్లలో ఆగిందో రాసుకుంటాం. కరెంటు పోయినప్పటి కోసం ఉన్న డీజిల్ ఇంజను ఇదే బరువుతో లాగి చూపించాలి. కొలరాడోలో ఇదంతా చూసి లైసెన్సు ఇవ్వడానికి 1965 నుంచి ట్రామ్‌వే బోర్డు అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఉంది. వాళ్ల ఇన్‌స్పెక్టర్ ప్రశ్న అడిగితే నోటితో కాదు, కాగితంతో జవాబివ్వండి.

పీపాలు నింపేది ఎప్పుడో ఖాళీ చేసేది కూడా అప్పుడే ఆలోచించుకోండి. ఒక నవంబరులో పరీక్ష సాయంత్రం ఆరుకి ముగిసింది, అలసిపోయి రేపు చూద్దాంలే అని దిగిపోయాం. తెల్లారేసరికి పీపాలన్నీ మంచుగడ్డలు. నీళ్లయితే బిరడా తీస్తే పోయేవి. గడ్డల్ని ఒక్కొక్కటే కిందికి తెచ్చి కుర్చీ మీంచి దించాం, రెండు రోజులు, నాలుగు నడుములు.

జనాన్ని కుర్చీల మీంచి తాడుతో దించే కసరత్తు కూడా మంచు పడకముందే ఒకసారి, పడ్డాక ఒకసారి చేయించండి. ఎత్తయిన రెండు టవర్ల మధ్య చేయిస్తేనే పనికొస్తుంది, స్టేషన్ పక్కన కుర్చీ మీద కాదు.

మీ గుర్తులు మంచు కిందికి పోకముందే అప్పగింత కాగితాలు ముగించండి: ప్రతి పునాది కట్టినట్టుగా డ్రాయింగు, టార్క్ పట్టిక, అతుకు కొలతలు, కంట్రోల్ పాయింట్ల ఫోటోలు. నెల రోజులు నడిచాక మళ్లీ వెళ్లి టవర్ నట్లన్నీ బిగించాలి, ఆ తేదీ ఇప్పుడే రాయండి. కొత్త కేబుల్ మొదటి సీజన్‌లో సాగుతుంది. టెన్షన్ సిలిండర్ తన పరుగు చివరికి వచ్చేసిందంటే వసంతంలో కోసి, కురచ చేసి, మళ్లీ అతకాలి, అంటే ఆ పనివాళ్లని జనవరిలోనే పిలిచి ఉంచాలి. అలా కోసిన ముక్కలో ఒక జానెడు నా బల్ల మీద ఉంది, కాగితాలు ఎగరకుండా.